షుగరుకు ఆకుపొడి: చెంచాలో ఎంత ఖనిజం, కూరలో ఎంత

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో ఏ మూలికల అంగడికి వెళ్లి షుగరుకు ఏముందని అడిగినా పొడపత్రి పొడి, నేరేడాకు పొడి, మునగాకు పొడి, ఎండు తంగేడు పువ్వు చేతిలో పెడతారు. వాటితోపాటు ఈమధ్య ఒక కొత్త మాట కూడా వినిపిస్తోంది: ఇందులో జింకు, క్రోమియం, మెగ్నీషియం దండిగా ఉన్నాయి, అవే ఇన్సులిన్‌ను పనిచేయిస్తాయి అని. ఆకులో ఆ ఖనిజాలు ఉన్నమాట నిజమే. ఇన్సులిన్‌కు వాటితో సంబంధం ఉన్నమాటా నిజమే. అయితే ఉన్నది ఎంత, మనిషికి కావలసింది ఎంత అన్న లెక్క మాత్రం ఎవరూ వేసి చూపించరు. దానికి గుణకారం వస్తే చాలు.

జింకు చూద్దాం. ఎండిన ఆకుల్లో జింకు మామూలుగా కిలోకు 20 నుంచి 50 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. 30 అనుకుందాం. చెంచాడు పొడి 3 గ్రాములు తూగుతుంది. అంటే చెంచాకు 0.09 మిల్లీగ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన మగవాళ్లకు రోజుకు 17, ఆడవాళ్లకు 13 మిల్లీగ్రాముల జింకు కావాలి. అదంతా ఈ పొడి నుంచే రావాలంటే మగమనిషి రోజుకు అరకిలో పైనే మింగాలి. మెగ్నీషియం సంగతి కాస్త మెరుగు. ఎండాకులో కిలోకు 4,000 మిల్లీగ్రాములు ఉన్నాయనుకున్నా చెంచాకు వచ్చేది 12. రోజుకు కావలసింది 400కు అటూఇటూ. గుప్పెడు చెనక్కాయ విత్తనాల్లో, అంటే 30 గ్రాముల్లో, 50 మిల్లీగ్రాముల మెగ్నీషియం దొరుకుతుంది. అనంతపురం మనిషి నాలుగు చెంచాల ఆకుపొడితో సంపాదించేది పొలం గట్టున కూర్చుని రెండు నిమిషాల్లో నమిలేస్తాడు.

మరి ఖనిజాల మాట అసలు ఎక్కడ పుట్టింది? గాలిలోంచి పుట్టలేదు. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను విడివిడిగా దాచుకోవు. ఆరేసి ఇన్సులిన్ అణువులను రెండు జింకు అయాన్ల చుట్టూ మూట కట్టి నిలవ చేస్తాయి. జింకు లేకపోతే ఆ మూట కుదరదు. ఇన్సులిన్ వెళ్లి కణం తలుపు తట్టాక లోపల మొదలయ్యే పనికి శక్తి, కణాలకు ఇంధనంలాంటి ఏటీపీ అనే పదార్థం నుంచి రావాలి, ఆ ఏటీపీ పనిచేయాలంటే పక్కన మెగ్నీషియం ఉండాలి. షుగరు అదుపు తప్పినప్పుడు మూత్రంతోపాటు మెగ్నీషియమూ ఎక్కువగా పోతుంది. ఏళ్ల తరబడి గ్యాసు మాత్రలు వేసుకునేవాళ్లలోనూ, బీపీకి నీటి మాత్రలు వాడేవాళ్లలోనూ ఇది ఇంకా తగ్గొచ్చు. అందుకే షుగరున్నవాళ్లలో మెగ్నీషియం తక్కువగా ఉండటం తరచుగా కనిపిస్తుంది. లోపం ఉన్నచోట దాన్ని పూడిస్తే మేలు జరుగుతుంది. లోపం లేనివాళ్లకు ఇంకా పోస్తే షుగరు ఇంకా దిగుతుందనుకోవడమే తప్పు. బండికి ఆయిలు తక్కువైతే ఇంజను పట్టేస్తుంది నిజమే, అలాగని కావలసినదానికి రెండింతలు పోస్తే వేగం పెరగదు.

క్రోమియం కథ వేరు. 1957లో ష్వార్జ్, మెర్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల్లో గ్లూకోజును అదుపులో ఉంచే ఒక పదార్థం ఉందన్నారు, తర్వాత 1959లో అందులో పనిచేసేది క్రోమియం అన్నారు. అమెరికాలో ఇప్పటికీ రోజుకు మగవాళ్లకు 35, ఆడవాళ్లకు 25 మైక్రోగ్రాములు అని ఒక అంకె నడుస్తోంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం 2014లో మొత్తం తిరగేసి, క్రోమియం మనిషికి తప్పనిసరి పోషకం అనడానికి నమ్మదగ్గ రుజువు లేదని తేల్చింది. ఆకులను పొగిడే రాతల్లో ఎక్కువ బరువు మోసేది ఈ ఖనిజమే. ఎందుకంటే కావలసింది మైక్రోగ్రాముల్లో కాబట్టి చెంచాడు పొడిలో ఉన్నదే పెద్ద శాతంగా కనిపిస్తుంది. పైగా ప్రయోగశాలలో ఎక్కువగా తప్పు వచ్చేదీ దీనిదగ్గరే.

తప్పు ఎలా వస్తుందో దగ్గరనుంచి చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీలులో 18 శాతం దాకా క్రోమియం ఉంటుంది. కిలో ఎండాకును మిషన్లో ఆడించేటప్పుడు బ్లేడు నుంచి 10 మిల్లీగ్రాముల ఉక్కు అరిగి పొడిలో కలిసిందనుకోండి. కంటికి ఆనని నలుసు అది. దాంతో కిలో పొడిలో 1.8 మిల్లీగ్రాముల క్రోమియం చేరినట్టే. శుభ్రమైన ఆకులో సహజంగా ఉండేది చాలాసార్లు అంతకన్నా తక్కువే. అంటే రిపోర్టులో వచ్చిన క్రోమియంలో సగానికి పైగా చెట్టుది కాకపోవచ్చు, మిక్సీది కావచ్చు. జాగ్రత్త తెలిసినవాళ్లు క్రోమియం కోసం ఆకును రాతి రోట్లోనో, అగేటు రాయి కల్వంలోనో నూరతారు.

ఇనుముకు మట్టి అడ్డం వస్తుంది. మన ఎర్రమట్టిలో 3 శాతం ఇనుము ఉందనుకుందాం. కడగకుండా ఎండబెట్టిన ఆకుపొడిలో నూటికి ఒక గ్రాము దుమ్ము ఉంటే, ఆ ఒక్క గ్రాములోనే 30 మిల్లీగ్రాముల ఇనుము వచ్చి పడుతుంది. వంద గ్రాముల మునగాకు పొడిలో ఉంటుందని చెప్పుకునే ఇనుమంతా కలిపితే అంతే. అనంతపురం వైపు ఎండాకాలపు గాలి ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఒక శాతం దుమ్ము వింతగా తోచదు. రిపోర్టులో ఇనుముతోపాటు అల్యూమినియం, టైటానియం కూడా బాగా పెరిగి ఉంటే అది మట్టి సంగతే. చెట్టు టైటానియాన్ని ఆ స్థాయిలో పీల్చుకోదు. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ల కోత దుమ్ము పడిన ఆకులో కాల్షియం ఎక్కువ తేలితే అది రాయిలోని సున్నం.

పద్ధతిగా చేసే పరీక్ష ఇలా ఉంటుంది. ఒకే వయసు ఆకులు కోసి, మామూలు నీటితో కడిగి, చివర డిస్టిల్డ్ నీటిలో ముంచి తీస్తారు. 65 డిగ్రీల పెట్టెలో తూకం ఇక తగ్గనంతవరకు ఎండబెడతారు. నూరి జల్లించి, కొలిమిలో 500 నుంచి 550 డిగ్రీల దగ్గర తెల్లటి బూడిద చేస్తారు, లేదా నైట్రిక్ ఆమ్లంలో ఉడికించి కరిగిస్తారు. ఆ ద్రావణాన్ని అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంలో కొలుస్తారు. కొలిమి వేడి అంతకు మించితే పొటాషియంలాంటివి కొంత ఆవిరై అంకె తగ్గిపోతుంది. ఆకు లేకుండా వట్టి ఆమ్లాన్ని కూడా పక్కనే నడిపి, అందులో వచ్చినదాన్ని తీసేయాలి. ఖనిజ శాతం ముందే తెలిసిన ప్రామాణిక ఆకు నమూనాను కూడా కొలిచి సరిచూడాలి. ఈ రెండూ చేశామని చెప్పని రిపోర్టులో క్రోమియం అంకెను పక్కన పెట్టేయడం మంచిది.

కొలమానంలోనూ బోల్తా పడతారు. కిలోకు మిల్లీగ్రాములు అన్నా, పీపీఎం అన్నా ఒకటే. వంద గ్రాములకు మిల్లీగ్రాములు అంటే దాన్ని పదితో గుణిస్తేగాని పీపీఎం రాదు. ఒక రాతలో వంద గ్రాముల లెక్క, ఇంకో రాతలో కిలో లెక్క తీసుకుని పక్కపక్కన పెడితే ఒక ఆకు ఇంకో ఆకు కన్నా పదిరెట్లు గొప్పదైపోతుంది.

ఇలాంటి పోలికల్లో అందరికీ తెలిసింది మునగాకుది: పాలకన్నా 17 రెట్లు కాల్షియం, అరటిపండు కన్నా 15 రెట్లు పొటాషియం. ఇది ఎండిన మునగ పొడినీ తాజా పాలనూ, ఎండిన పొడినీ పచ్చి అరటిపండునూ బరువుకు బరువు తూచిన పోలిక. మునగాకులో ముప్పాతిక వంతు నీళ్లే, కాబట్టి ఎండితే ప్రతి అంకె నాలుగైదు రెట్లు పెరుగుతుంది. కాల్షియం సంగతి: వంద గ్రాముల పొడిలో 2,000 మిల్లీగ్రాములు, వంద మిల్లీలీటర్ల పాలలో 120. గ్లాసు పాలు అందరూ తాగుతారు, వంద గ్రాముల పొడి ఎవరు తింటారు? రోజుకు 10 గ్రాములు తింటే వచ్చేది 200 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్లాసుకు తక్కువ పాలు. పొటాషియం పోలిక ఇంకా బలహీనం. ఆ లెక్క వేసినవాళ్లు అరటిపండుకు 88 మిల్లీగ్రాములని పట్టుకున్నారు. నేటి పట్టికల్లో అరటిపండుకు 350 పైన ఉంటుంది, తాజా మునగాకుకూ దాదాపు అంతే. పదిహేను రెట్లు కాస్తా సమానమైపోయింది.

ఇవన్నీ చదివి మునగాకును పారేయమని కాదు. మునగాకు మంచి ఆకు. చెంచాలో కాకుండా కంచంలో పడ్డప్పుడు దాని ఖనిజాలు లెక్కలోకి వస్తాయి. మనిషికి వంద గ్రాముల తాజా ఆకు పప్పులో వేస్తే సుమారు 40 నుంచి 100 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 350 దాకా పొటాషియం, 200 నుంచి 400 కాల్షియం వస్తాయి. అంకెల మధ్య ఇంత తేడా ఎందుకంటే అసలు ఆకే అంత తేడాగా ఉంటుంది. అమెరికా పట్టికలో తాజా మునగాకు కాల్షియం 185, మన దేశపు పాత పట్టికలో 440, 2017లో వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో 314. మూడూ నిజాయితీగా కొలిచినవే.

తేడా నేలలో ఉంది. కడప బండలు, నాపరాళ్లు తీసే నేలలు సున్నపురాతి నేలలు. కర్నూలు నల్లరేగడిలోనూ చాలాచోట్ల తవ్వితే సున్నపు గడ్డలు తేలతాయి. సున్నం ఎక్కువున్న నేలలో చెట్టుకు కాల్షియం కొదవ ఉండదు గానీ, ఇనుము, జింకు, మాంగనీసు నేలలో ఉండి కూడా వేరుకు అందవు. చెనక్కాయ రైతుకు ఇది చెప్పక్కర్లేదు. ఆకు పసుపుపచ్చగా తిరిగితే ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో కిలో అన్నభేది (ఇనుము ఉప్పు), 200 గ్రాముల నిమ్మఉప్పు కలిపి కొట్టేది అందుకే. చేను గట్టున ఉన్న మునగచెట్టుకూ, కరివేపాకు చెట్టుకూ అదే నేల, అదే లోపం. చేలో జింకు తక్కువైతే ఆకుపొడిలోనూ తక్కువే. నల్లమల లోపల ఆకులు రాలి కుళ్లిన అడవి నేలలో పెరిగిన పొడపత్రికీ, ఊరి పక్క సున్నపు నేలలో పెరిగిన పొడపత్రికీ ఖనిజాల అంకెలు కలవాలని లేదు.

ఆకు వయసు కూడా చూసుకోవాలి. కాల్షియం ఒకసారి ఆకులోకి చేరితే మళ్లీ కదలదు, కాబట్టి ముదురాకులో ఎక్కువ. పొటాషియం చెట్టు లోపల తిరుగుతుంది, కొత్త చిగుళ్ల వైపు పోతుంది. ఎముకలకని ఆకు తినేవాళ్లు లేత చిగుళ్లే ఏరుకుంటే కొంత నష్టపోతారు. అలాగని మరీ ముదిరినవి నోటికి పోవు. కొమ్మ మధ్యలో పూర్తిగా విచ్చుకున్న ఆకు అన్నిటికీ సర్దుబాటు.

ఇక పొడపత్రి. శేషాచలం, లంకమల, నల్లమల కొండల్లో పొదల మీద పాకే తీగ. రెండు ఆకులు నమిలి ఉమ్మేసి, నాలుక మీద బెల్లం ముక్క పెట్టుకుంటే ఇసక నమిలినట్టు ఉంటుంది. అరగంట, ఒక్కోసారి గంట దాకా తీపి తెలియదు. ఈ పని చేసేవి జిమ్నెమిక్ ఆమ్లాలు. నాలుక మీద తీపిని పట్టే చోట్లకు అవి అడ్డుపడతాయి. అదే ఆకును తెల్లగా బూడిద చేస్తే ఖనిజాలు దాదాపు అన్నీ బూడిదలోనే ఉంటాయి, జిమ్నెమిక్ ఆమ్లాలు మాత్రం కాలిపోతాయి. ఆ బూడిద నాలుకకు రాసుకుంటే బెల్లం ఎప్పటిలాగే తియ్యగా ఉంటుంది. కనీసం నాలుక మీద జరిగే పని ఖనిజానిది కాదు, ఆకు తయారుచేసుకున్న సమ్మేళనానిదని దీంతో తేటగా తెలుస్తుంది. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా ఇలాంటిదే. ఐరోపాలో పెరిగే గెలీగా అనే మొక్కలోని గెలీజిన్ అనే పదార్థం మీద జరిగిన పని నుంచి వచ్చి, 1957లో ఫ్రాన్సులో రోగులకు అందింది. మెట్‌ఫార్మిన్ అణువులో ఒక్క లోహపు పరమాణువు లేదు.

పొడపత్రి మీద మనుషుల్లో జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్దికాలం నడిచినవి. షుగరు కొంత తగ్గినట్టు వాటిలో కనిపించింది, మాత్రలు మానేయడానికి అది చాలదు. నిజంగా తగ్గిస్తుంది కాబట్టే ఇంకో ప్రమాదం: గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ దీన్నీ కలిపితే షుగరు మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగాలి. అయితే ఒక చిక్కు. ఆకు అప్పుడే నమిలి ఉంటే చక్కెర నీళ్లు తియ్యగా అనిపించవు. రుచి లేదని పక్కన పెట్టకూడదు, నోటికి తెలియకపోయినా రక్తంలోకి చేరుతుంది.

ఖనిజం నిజంగా గట్టిగా పనిచేసేది షుగరు దగ్గర కాదు, బీపీ దగ్గర. పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ తింటే రక్తపోటు తగ్గుతుందన్నదానికి బలమైన ఆధారాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 3,510 మిల్లీగ్రాముల పొటాషియం ఉండాలనీ, ఉప్పు 5 గ్రాములు దాటకూడదనీ చెబుతుంది. షుగరున్నవాళ్లలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది కాబట్టి ఆకుకూరల అసలు ఉపయోగం ఇక్కడుంది. కానీ మనం వండే తీరులో రెండు తప్పులు ఆ ఉపయోగాన్ని తినేస్తాయి. ఆకు ఉడికించి నీళ్లు వార్చి పారబోస్తే పొటాషియం, మెగ్నీషియం చెప్పుకోదగ్గంత ఆ నీళ్లతోనే పోతాయి. చేదు పోవాలని వార్చేవాళ్లు లేతాకు వాడి, పప్పుతోపాటే ఉడికిస్తే వార్చే పని ఉండదు. రెండోది సంగటిలోకి పక్కన పెట్టుకునే ఊరగాయ, ఊరిబిండి. ఆకు తెచ్చిన పొటాషియాన్ని ఆ ఉప్పు చెల్లగొట్టేస్తుంది.

ఇనుము కోసం ఆకు తినేవాళ్లు చివర దించేటప్పుడు నిమ్మకాయ పిండుకోవాలి, పులుపులోని విటమిన్ సి ఆకులోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. భోజనం అవ్వగానే టీ తాగితే అందులోని టానిన్లనే వగరు పదార్థాలు ఆ ఇనుమును పట్టేసుకుంటాయి. తంగేడు, నేరేడు రెండింటిలోనూ టానిన్లు మెండు. తోళ్లు ఊనేవాళ్లు, అంటే పదును చేసేవాళ్లు, తంగేడు చెక్క వాడింది ఆ టానిన్ కోసమే. కాబట్టి తంగేడు పువ్వు కషాయం తాగేవాళ్లు అన్నానికి రెండు గంటలు ఎడం పెట్టుకోవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. కాల్షియం, ఇనుము ఆ మందును కట్టిపడేస్తాయి. ఉదయం మాత్ర వేసుకుని వెంటనే మునగ పొడి నీళ్లలో కలిపి తాగే అలవాటు మానాలి, నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇంట్లో పొడి చేసుకోదలిస్తే ఆకు రోడ్డు పక్కన కోయకండి, ముఖ్యంగా కర్నూలు నుంచి అనంతపురం పోయే 44వ నెంబరు రహదారి అంచున. మూలికల్లో సీసం కిలోకు 10, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు మించకూడదని పరిమితులున్నాయి. వాటిని ఇంట్లో కొలవలేం, దూరంగా కోయడమొక్కటే చేయగలం. మూడు నీళ్లలో కడగాలి, చివరి నీళ్లలో అడుగున మట్టి మిగలకూడదు. నీడలో శుభ్రమైన గుడ్డ మీద ఒకే పొరగా పరచి, రోజుకు రెండుసార్లు తిప్పాలి. ఎండలో పెడితే ఖనిజాలు పోతాయన్నది అపోహ. ఎండకు పోయేవి విటమిన్లు, ఆకుపచ్చ రంగు. ఖనిజం ఎండకు ఆవిరి కాదు. మూడు నుంచి ఐదు రోజుల్లో ఆకు నలిపితే గలగలమని పొడి కావాలి. కిలో మునగాకుకు 200 నుంచి 250 గ్రాముల ఎండాకు రావాలి. 300 దాటిందంటే తడి ఆరలేదు, డబ్బాలో బూజు పడుతుంది. కొన్న పొడిని చూడాలంటే గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కలిపి కాసేపు వదలండి, ఇసక ఉంటే అడుగున తగులుతుంది. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని పొడిలో తిప్పితే ఇనుప రజను అంటుకుంటుంది. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి అంటదు కాబట్టి, ఏమీ రాలేదంటే పొడిలో లోహం లేదని అర్థం కాదు.

ఇంతసేపూ పొటాషియం మంచిదన్నాం. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మాత్రం అదే పొటాషియం ప్రాణం మీదికి తెస్తుంది. షుగరు పదేళ్లు దాటినవాళ్లలో కిడ్నీ దెబ్బతినడం అరుదు కాదు. పైగా బీపీకీ కిడ్నీ రక్షణకూ ఇచ్చే టెల్మిసార్టన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, గుండెకిచ్చే స్పైరనోలాక్టోన్ పొటాషియాన్ని ఒంట్లోనే నిలుపుతాయి. రక్తంలో అది లీటరుకు 5 మిల్లీమోల్స్ దాటి పైకి పోతుంటే గుండె కొట్టుకోవడం లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. ముందు పెద్దగా లక్షణాలు కూడా కనిపించవు. ఇలాంటివాళ్లు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించుకోకుండా ఆకురసాలు, పచ్చి జ్యూసులు, మోతాదు చెప్పని పొడులు తాగకూడదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులోనూ పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అదీ వాళ్లకు పనికిరాదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల చీటీతోపాటు పొడి పొట్లం కూడా తీసుకెళ్లి చూపించాలి.

ఒకే ఇంట్లో బీపీ ఉన్న కోడలు, కిడ్నీ దెబ్బతిన్న మామ ఉంటే మునగాకు రెండు విధాలుగా వండాల్సిందే. మామకు డాక్టరు ఆకు తినొచ్చన్నంత వరకే, ఎక్కువ నీళ్లలో ఉడికించి, వార్చి, ఆ నీళ్లు పారబోసి కొద్దిగా పెట్టాలి. కోడలికి పప్పులోనే వేసి, చుక్క నీరు పారబోయకుండా, ఉప్పు సగం తగ్గించి వండాలి.